ముట్టుకుంటే కదిలిపోతాయి

రేడియం బాబాయి పాత కంప్యూటర్‌లో ఒకావిడ ఫోటోలున్నాయని వీధిలో ఒక పుకారు ఉండేది. అందుకే ఆయన దాన్ని మార్చడట. అందుకే కట్టుకున్న భార్యను కూడా దాని దగ్గరకు రానివ్వడట. దానికి ఎవరికీ అంతుపట్టని పాస్‌వర్డ్ ఒకటి పెట్టాడట, ఆ పాస్‌వర్డ్ కూడా ఆవిడ పేరేనట. ఈ చివరి ముక్క ఎవరు కలిపారో తెలియదు కానీ, అది కలిశాక పుకారుకు మంచి రుచి వచ్చింది.

అందరి నోళ్ళలో నాని నాని అది ఆఖరికి పక్క షాపు టైలరమ్మ దగ్గర ఆగింది. కత్తెర అరువడగడానికి వెళ్ళిన బాబాయి భార్యకు, ఆవిడ కుట్టుమిషను ఆపి మరీ వడ్డించింది.

"నీకు తెలియదని చెప్పడం లేదు పిన్నీ. తెలిసే ఉంటుందని అడుగుతున్నా."

"ఏంటో అది?"

"అదే, మీ ఆయన కంప్యూటర్‌లో ఎవరో ఆవిడ ఉందటగా."

పిన్ని కత్తెర పదును వేలితో చూసుకుంటూ అంది: "ఆయనకా? ఇంట్లో సబ్బు మారిస్తే స్నానం మానేసే మనిషమ్మా ఆయన. కొత్త ఆడమనిషంటే ముందు పేరడగాలి, ఊరడగాలి, నాలుగు మాటలు కొత్తవి మాట్లాడాలి. ఆయన దగ్గర అంత సరుకెక్కడిది?"

"నిప్పు లేనిదే పొగ రాదంటారు మరి."

"మా ఇంట్లో వస్తుందిలే. ఆయన నోరు తెరిస్తే పొగే."

టైలరమ్మ నవ్వింది. పిన్నీ నవ్వింది. నవ్వి, కత్తెర తీసుకుని, తన షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి మొగుడి కంప్యూటర్ వైపు తిరిగి చూసింది.

రేడియం బాబాయి అన్నది ఆయన పెట్టుకున్న పేరు కాదు. లారీల వెనక, వ్యాన్ల పక్కల లైటు పడితే మెరిసే అక్షరాలుంటాయి చూడండి, వాటిని అందరూ రేడియం అంటారు. అవి కోసి అంటించే మనిషి కాబట్టి రేడియం బాబాయి. ఆయన భార్య కాబట్టి ఆవిడ, తనకంటే పెద్దవాళ్ళకు కూడా, పిన్ని.

షాపు ఒకే గది. గోడ పొడుగునా రంగురంగుల షీట్ల చుట్టలు నిలబెట్టి ఉంటాయి. మధ్యలో కోసే మిషను. దానికి అవతల బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు చక్రాలు అరిగిన కుర్చీ. ఆ కుర్చీ బాబాయిది. గుమ్మం పక్కన వెలుగు పడే చోట ఒక పొట్టి స్టూలు. అది పిన్నిది. మిషను అక్షరాల చుట్టూ గాటు మాత్రమే పెడుతుంది. ఆ చుట్టూ ఉన్న చెత్తా, సున్నాల కడుపులో ఉండిపోయిన ముక్కా కత్తిమొనతో ఎవరో ఒకరు పీకాలి. ఆ ఎవరో ఒకరు పిన్ని. ఊరందరికీ బోర్డులు చేసే ఆ షాపుకు మాత్రం బోర్డు లేదు. దీపం కింద చీకటి అని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. "దీపమా? ఎవరూ?" అనేది పిన్ని.

బాబాయి పూర్వం తాళాలు, గొడుగులు బాగుచేసేవాడు. జనం పాడైన గొడుగు పారేసి కొత్తది కొనుక్కోవడం మొదలుపెట్టాక, ఎవరో దుకాణం ఎత్తేస్తుంటే ఈ మిషనూ కంప్యూటరూ కలిపి కొన్నాడు. అమ్మినవాడు పక్కన కూర్చుని, ఇక్కడ నొక్కు, తర్వాత ఇక్కడ, తర్వాత ఇదిగో ఇక్కడ అని చూపించి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి బాబాయి అక్కడే నొక్కాడు, తర్వాత అక్కడ, తర్వాత అదిగో అక్కడ. ఆ మెనూల్లో మిగతావన్నీ ఎందుకున్నాయో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కరోజూ అనిపించలేదు. తెర మధ్యలో ఏదైనా పెట్టె లేచి ఏదో అడిగితే చదవకుండానే మూసేసేవాడు. "అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్తూ కూర్చుంటే పని ఎప్పుడు చేసేది?" అనేవాడు, మంత్రి లాగా.

ఆ కంప్యూటర్ తెర మీద ఒక పచ్చటి గుట్ట, దాని పైన నీలం ఆకాశం, కాసిని మబ్బులు. ఒకప్పుడు ఎవరి కంప్యూటర్ తెరిచినా ఆ గుట్టే కనిపించేది. తర్వాత లోకంలో అందరి గుట్టలూ పోయాయి. సిస్టమ్ మారింది, మళ్ళీ మారింది, ఆ మారింది కూడా మారింది. బాబాయి గుట్ట మాత్రం చెక్కు చెదరలేదు. స్టూలు మీంచి చూస్తే దానిమీద చిన్న చిన్న బొమ్మలు కోళ్ళకు చల్లిన గింజల్లా కనిపించేవి.

ఎందుకు మార్చవు అని అడిగినవాళ్ళకు ఆయన దగ్గర కారణాలకు కొదవ లేదు. లారీ డ్రైవరుకు, కొత్తవి మిషనుకు పడవన్నాడు. కళ్ళద్దాల షాపాయనకు, కొత్త తెరలు కళ్ళు తినేస్తాయన్నాడు. బ్యాంకు కాపలాదారుకు, కొత్త సిస్టమ్‌లు మనమేం చేస్తున్నామో పైకి చేరవేస్తుంటాయని గుసగుసగా చెప్పాడు. తాపీమేస్త్రీకి, పునాది పాతదైతేనే గట్టిదన్నాడు. ఎవరి బండికి ఎంత సైజు కావాలో అంత సైజులో కోసి అంటించేవాడు. వృత్తి ధర్మం మరి.

పిన్నికి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. ఆవిడ గుడ్డ పట్టుకుని బల్ల తుడవబోయినా సరే, కుర్చీతో సహా అడ్డం వచ్చేవాడు.

"ముట్టుకోకు. కదిలిపోతాయి."

"ఏం కదిలిపోతాయి?"

"అన్నీ."

ఆ అన్నీ ఏమిటో ఆయన చెప్పలేదు. అడిగి అడిగి పిన్ని మానేసింది. ఆయన చాదస్తాలన్నిటికీ అర్థాలు వెతికితే జీవితం సరిపోదని ఆవిడకు కాపురానికి వచ్చిన కొత్తలోనే అర్థమైంది. క్షౌరం చేసేవాడు ఊరు వదిలి వెళ్ళిపోతే, కొత్తవాడి దగ్గర తల పెట్టడానికి మనసొప్పక జుట్టు చెవుల మీదికి వచ్చేదాకా తిరిగాడు. టీకొట్టు రోడ్డుకు ఇవతలి నుంచి అవతలికి మారితే మధ్యాహ్నం టీ మానేశాడు. మంచంలో గోడవైపే పడుకోవాలి. చుట్టాలింటికి వెళ్ళినా గోడ ఎటుందో చూసుకునేవాడు.

ఎవరైనా ఆడవాళ్ళు, బాబాయి ఎంత నెమ్మదస్తుడో, పిన్నిని పల్లెత్తు మాట అనడు అంటే ఆవిడకు ఒళ్ళు మండేది. "నన్ను ఇన్నేళ్ళు ఉంచుకున్నారంటే ప్రేమనుకునేరు. తాళంచెవి పోయిన ఇనప్పెట్టె కూడా మా ఇంట్లో అలాగే ఉంది. తాళాలు బాగుచేసిన మనిషి ఇంట్లో" అనేది.

అలాంటి మనిషి మీద అలాంటి పుకారు. నవ్వొస్తుంది. కానీ ఆ సాయంత్రం పిన్ని చెత్త పీకుతూనే గమనించింది. తను లేచి అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆయన ముందుకు వంగి, వీపుతో తెరను కప్పేస్తున్నాడు. ఆ వీపును ఆవిడ ఇంతకుముందూ చూసింది. ఇంతకుముందు అది వట్టి వీపే.

ఇలా ఉండగా ఒకరోజు బస్సులాయన వచ్చాడు. ఆ వీధి మెల్లగా ఎత్తెక్కుతూ పోయి మెట్ట మీద ఆయన బస్సుల షెడ్డు దగ్గర ఆగిపోతుంది. ఆ బస్సులే బాబాయి షాపుకు వెన్నుపూస. పేర్లు, ఊళ్ళు, గీతలు, వెనక హెచ్చరికలు, అన్నీ ఇక్కడ కోసినవే.

"బాబాయ్, కంపెనీ పేరు మార్చాం. మా అమ్మాయి కొత్త డిజైన్ చేసింది. అన్ని బస్సులకీ వేసెయ్యాలి" అంటూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

బాబాయి దాన్ని గుచ్చాడు. తెర మధ్యలో పెట్టె లేచింది. మూసేశాడు. మళ్ళీ లేచింది. మళ్ళీ మూసేశాడు. మూడోసారి లేచాక, అంతా అర్థమైనట్టు తలాడించాడు.

"ఫైలులోనే తప్పుంది."

"మా అమ్మాయి కంప్యూటర్‌లో శుభ్రంగా వచ్చిందే."

"ఆ కంప్యూటర్‌లో కూడా తప్పుందేమో చూపించండి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని పిన్ని మనసులో అనుకుంది. బస్సులాయన కోప్పడలేదు. వీధికి అవతల కొత్తగా పెట్టిన స్టిక్కర్ల షాపు వైపు ఒకసారి చూశాడు. అది కోపం కన్నా అన్యాయం.

"చూడు బాబాయ్. బస్సుల కొలతలన్నీ నీ దగ్గరున్నాయి. తలుపెక్కడ, కిటికీ ఎక్కడ, డీజిల్ మూత ఎక్కడ, అన్నీ నువ్వే పాకి పాకి కొలిచావు. మళ్ళీ కొలవాలంటే బండ్లన్నీ ఒకచోట ఆపాలి, అది నావల్ల కాదు. అందుకే ముందు నీ దగ్గరకొచ్చా. సోమవారం పొద్దున వస్తా. కొత్త డిజైన్ నా బండ్ల మీద ఎలా కూర్చుంటుందో తెర మీద చూపించు. చూపించలేకపోతే, బండ్లు ఆపుకుంటా, ఎదురుగా ఇచ్చేస్తా."

బస్సులు రోడ్డు దాటితే వాటి వెనకే లారీలు దాటతాయి, వాటి వెనక వ్యాన్లు. ఆ తర్వాత షట్టర్ ఎత్తడం దండగ. ఎదురు షాపతను అంతకుముందే ఒకసారి నవ్వుతూ అన్నాడు: "పిన్నీ, నీ చెయ్యి మంచిది. మా దగ్గరైతే ఫ్యాను కింద కూర్చుని పీకుకోవచ్చు." ఆ మాట పిన్నికి గొంతులో ముల్లులా ఉండిపోయింది. తన షాపులో పొట్టి స్టూలు మీద కూర్చోవడం వేరు. ఇంకొకడి షాపులో ఫ్యాను కింద కూర్చోవడం వేరు.

సాయంత్రం తమ్ముడిని పిలిపించింది. తమ్ముడు పక్క వీధిలో కంప్యూటర్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. వీధిలో అతని పేరు అప్‌డేట్. తలనొప్పి అని చెప్పినా అప్‌డేట్ చేశావా అని అడిగే రకం. వస్తూనే బావ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏం బావా, ఇంకా ఆ ముసల్దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా?"

"మీ అక్కనా?"

గుమ్మం దగ్గర కత్తిమొన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"అక్క నయం. చెప్తే వింటుంది. నేనంటున్నది దీన్ని. దీని సిస్టమ్‌ని చేసినవాళ్ళే వదిలేసి చాలా ఏళ్ళయింది బావా. దీనికిప్పుడు దిక్కూ మొక్కూ లేదు."

"మీ నాన్న కూడా మీ అక్కని నాకిచ్చి అలాగే వదిలేశాడు. నేనెవరికైనా చెప్పుకున్నానా?"

"నవ్వులాట కాదు. కొత్తది నేను ఊరికే ఇస్తాను, సరేనా? డబ్బులు కూడా వద్దు."

"ఊరికే ఇచ్చేవాడి ఇంటికి ఊరికే వెళ్ళకూడదంటారు. నువ్వు కొత్తది అంటగట్టాలి, అది పాడవ్వాలి, నేను నీ చుట్టూ తిరగాలి. ఇంతేగా నీ శాస్త్రం, బావమరిదీ."

"మరి బస్సులు?"

"ఫైలు మార్చి తెమ్మన్నాగా."

"ఎవర్ని తెమ్మన్నారు?" అంది పిన్ని, తల ఎత్తకుండా. "ఆయన రోడ్డు దాటి వెళ్ళమంటే వెళ్తాడు. ఫైలు మార్చి తెమ్మంటే తేడు."

ఇరుకున పడ్డప్పుడల్లా బాబాయి తెర మీది దుమ్ము తుడిచేవాడు. తుడిచాడు.

శనివారం పొద్దున బాబాయి అక్కగారి ఊరి నుంచి ఫోనొచ్చింది. వాళ్ళాయన మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. బాబాయి చూసి రావడానికి బయల్దేరుతూ, చెప్పులేసుకుని గుమ్మం దాటాక కూడా వెనక్కి తిరిగి, "ముట్టుకోకు" అన్నాడు. కాలు విరిగిన బావ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

ఆయన బస్సెక్కీ ఎక్కకముందే పిన్ని షాపు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టింది.

అప్‌డేట్ చకచకా పని కానిచ్చాడు. పాత కంప్యూటర్‌ను ఆన్ కూడా చేయలేదు. మూత విప్పి, లోపలి డిస్కు తీసుకువెళ్ళి, తన షాపులో దానిలో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించి, డిస్కును మళ్ళీ తెచ్చి ఎక్కడిదక్కడ బిగించేశాడు.

"ఆన్ చేస్తే బావ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎందుకొచ్చిన తంటా" అన్నాడు.

"పాస్‌వర్డ్ ఉందా?"

"ఉందటగా."

పిన్ని ఎటో చూస్తూ అడిగింది: "ఫోటోలేవైనా కనిపించాయా అందులో?"

"వేల ఫైళ్ళున్నాయక్కా. ఎవడు చూస్తాడు?"

బల్ల మీదికి కొత్తది వచ్చింది. పాతది బల్ల కింద ముసుగేసుకుని కూర్చుంది. మిషను వైరు లావుగా ఉండి కొత్తదానికి పట్టకపోతే అప్‌డేట్ మధ్యలో ఒక చిన్న ముక్క తగిలించాడు. మిషను చక్కగా మూలిగి, చక్కగా కోసింది. ఏళ్ళ తరబడి లారీ డ్రైవర్లకు చెప్పిన కారణం వేలెడంత ముక్కతో తేలిపోయింది. బస్సులాయన వదిలి వెళ్ళిన పెన్‌డ్రైవ్ గుచ్చితే కొత్త డిజైన్ రంగులతో సహా విచ్చుకుంది. పిన్ని ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

ఆదివారం మధ్యాహ్నం బాబాయి దిగాడు. బల్ల చూశాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకున్నాడు. గుట్ట లేదు. తెర మీద ఏదో నల్లటి రాళ్ళ బొమ్మ. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, బడిపిల్లల ప్రార్థన వరసల్లా, ఫైళ్ళన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"చూశావా బావా, ఎంత నీటుగా సర్దేసిందో? దానంతటదే" అన్నాడు అప్‌డేట్. "ఏదీ, బస్సులు తెరువు."

బాబాయి మౌసు కుడిపక్కకు తీసుకెళ్ళాడు. అక్కడేం లేదు. పైకి తీసుకెళ్ళాడు. అక్కడా లేదు.

"ఫైలు పేరేంటి?" అంది పిన్ని.

"పేరా?"

"పేరండీ. మనుషులకుంటుంది చూడండి, అలాంటిది."

పిన్ని లేచి వచ్చి తెరలోకి వంగి చదివింది. న్యూ. న్యూ న్యూ. న్యూ వన్. ఫైనల్. ఫైనల్ ఫైనల్. ఏఏఏ. ఏఏఏఏ. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఇన్నేళ్ళలో మొగుడు ఒక్క ఫైలుకైనా పేరు పెట్టిన పాపాన పోలేదు. సేవ్ చేయబోతే అది పేరడిగేది కదా. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం ఆయన పద్ధతి కాదు.

"మరి బస్సులెక్కడ?"

"గుట్ట మీద. కుడి చివర."

"ఏ గుట్ట?"

"గుట్టే. కింద ఎడమ మూల పెట్రోలు బంకు. దాని పక్కన టైర్లాయన. ఆ తర్వాత కాస్త ఖాళీ, అక్కడ మలుపు కదా. తర్వాత కళ్ళద్దాలు. ఎక్కుకుంటూ పోతే పైన షెడ్డు. ఎవరి షాపు ఎక్కడుంటే వాళ్ళది అక్కడే పెట్టా."

అప్‌డేట్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వాడు.

"ఊరు కట్టావా బావా? కంప్యూటర్‌లో ఊరు కట్టావా? మరి మునిసిపాలిటీకి పన్ను కడుతున్నావా?"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. "కదిలిపోతాయని చెప్పాను" అన్నాడు పిన్నితో. లేచి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రందాకా అప్‌డేట్ ఒక్కొక్క న్యూను, ఒక్కొక్క ఫైనల్‌ను తెరిచి చూశాడు. బస్సులు దొరకకపోలేదు. కావలసిన వాటికన్నా ఎక్కువే దొరికాయి. ఒకదానికి తలుపు ముందుంది, ఒకదానికి మధ్యలో ఉంది, ఒకదానికి అసలు తలుపే లేదు. వాటిలో అమ్మేసినవేవో, ఇప్పుడు తిరుగుతున్నవేవో ఫైనల్‌కూ తెలియదు, ఫైనల్ ఫైనల్‌కూ తెలియదు. తప్పుడు కొలతతో కోస్తే కంపెనీ పేరు మీద డీజిల్ మూత తేలుతుంది. అప్‌డేట్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "బావనే అడగాలక్కా" అన్నాడు.

సోమవారం పొద్దున పిన్ని అడిగింది. బాబాయి మంచంలో గోడవైపు తిరిగి ఉన్నాడు.

"లేవండి. బస్సులాయన వచ్చే వేళయింది."

"ఎక్కడేముందో తెలియని చోట కూర్చుని నేనేం చెయ్యను?"

"నేను మాత్రం తెలిసే వచ్చానా ఈ ఇంటికి?"

బాబాయి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. చేతకానప్పుడు గోడవైపు తిరగడం ఒకటి నేర్చుకున్నారు అనుకుంటూ పిన్ని ఒక్కతే షాపుకు వెళ్ళి షట్టర్ ఎత్తింది.

బల్ల కింద ముసుగు తీసింది. పాతదాన్ని పైకి లాగింది. వైర్లు తగిలించడం గొప్ప విద్య అనుకునేది ఇన్నాళ్ళూ. తీరా చూస్తే ఏ మొన ఏ కంతలో పడుతుందో ఆ కంతలోనే పడుతోంది. పడనిది ఎంత నెట్టినా పడడం లేదు. పిల్లలాట. దీనికా ఈయన కుర్చీ అడ్డం పెట్టుకుని ఇంత రాజసం వెలగబెట్టింది?

మీట నొక్కే ముందు మాత్రం చెయ్యి ఆగింది. పాస్‌వర్డ్ అడిగితే ఏం కొట్టాలి? తన పేరు కొట్టి చూద్దామనుకుంది. అది కాకపోతే? వీధిలో ఉన్న ఆడవాళ్ళందరి పేర్లూ ఒకసారి మనసులో తిరిగాయి. మందుల షాపు పక్కన బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ పేరు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. ఇంతలో ఎదురు షాపులో షట్టర్ లేచిన చప్పుడు వినిపించింది. పిన్ని మీట నొక్కేసింది.

అది ముక్కింది, మూలిగింది, లోపల ఫ్యాను తిరిగింది. గుట్ట వచ్చింది.

ఇంత దగ్గర నుంచి ఆవిడ దాన్ని ఎప్పుడూ చూడలేదు. గింజలు కావు. కింద ఎడమ మూల పెట్రోలు బంకు. తర్వాత టైర్లాయన. మలుపు దగ్గర ఖాళీ. ఎదురు వరసలో కళ్ళద్దాలు, మందుల షాపు, పార్లర్. పార్లర్ దాన్ని నొక్కింది. పొడుగు జుట్టుతో ఒక ఆడమనిషి మొహం తెర నిండా వచ్చింది. పార్లర్ గాజుతలుపు మీద ఇప్పటికీ ఉన్న బొమ్మే. ఆ జుట్టు పాయల మధ్య చెత్తంతా తనే పీకింది, మెడ పట్టేసింది కూడా. గుమ్మంలోంచి తొంగి చూసిన ఎవరో దీన్నే చూసి ఉంటారు. ఇంత చిన్న నిప్పుకు అంత పొగ.

మెట్టెక్కి వెళ్తే, గుట్ట కొన మీద బస్సులు. వాటికి పైన, ఆకాశంలో మబ్బుల పక్కన ఉన్నవి తెరిచి చూస్తే, ఇంకా కొన్ని బస్సులు, మూతపడ్డ చెప్పుల షాపు, చచ్చిపోయిన పళ్ళ డాక్టరు, రోడ్డు దాటి పోయిన టీకొట్టు. అమ్మేసినవీ పోయినవీ అన్నీ ఆకాశంలో. గుట్ట మీద ఉన్నవి బతికున్నవి. అయిదో క్లాసులో బడి మానేసినవాళ్ళకు కూడా అర్థమయ్యే లెక్క. ఇందులో దాచడానికేముందని వీపు అడ్డం పెట్టాడు మహానుభావుడు? ఫైలుకు పేరు పెట్టడం రాదని పెళ్ళానికి తెలిసిపోతుందనా?

తమ షాపు ఎక్కడుందా అని వెతికింది. టైలరమ్మ షాపు ఉంది. దాని పక్కన, తమ షాపు ఉండాల్సిన చోట, చెత్తబుట్ట బొమ్మ ఉంది. పారేసిన ఫైళ్ళు పడే బుట్ట. పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. "అదొక్కటి సరిగ్గా పెట్టారు" అంది పైకే.

అప్‌డేట్ వచ్చి గుట్ట మీది బస్సులను కొత్తదాంట్లోకి తెచ్చాడు. వాటి మీద కొత్త పేరు పరిచాడు. బస్సులాయన వచ్చేసరికి తెర మీద బండి బండికీ పేరు కుదురుగా కూర్చుని ఉంది, డీజిల్ మూతకు జాగా వదిలి మరీ. ఆయన పిన్ని స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. "బాబాయి గట్టివాడే. పైకి తెలియడు కానీ" అని తల పంకించి, మొదటి బస్సును ఆ సాయంత్రమే పంపిస్తానన్నాడు. పిన్ని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అసలే బోర్డు లేని షాపు, బాబాయి పేరే దానికి బోర్డు.

ఆయన వెళ్ళాక తమ్ముడి వైపు తిరిగింది. "ఇందులో మాత్రం ఎక్కడ పెట్టినవి అక్కడ ఎందుకుండవు?"

"దానంతటదే సర్దుకుంటుందక్కా. మంచిదేగా."

"సర్దుకోవద్దని చెప్పలేమా దానికి?"

అప్‌డేట్ మౌసు కుడిపక్క మీట నొక్కాడు. లేచిన మెనూలో ఒకచోట టిక్కు ఉంది. దాన్ని తీసేశాడు. అంతే. ఒక బొమ్మను లాగి మూలకు వదిలితే మూలనే ఉండిపోయింది. లోకమంతటికీ అప్‌డేట్ చెప్పేవాడు తల గోక్కున్నాడు. "ఎవరూ అడగరక్కా ఇది" అన్నాడు. "నువ్వడిగావా మీ బావని?" అంది పిన్ని.

మధ్యాహ్నానికి బాబాయి, ఎవరూ పిలవకపోయినా, ఆకలేసినవాడిలా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రాళ్ళ బొమ్మ తీసి గుట్ట పెట్టిస్తే తప్ప మౌసు ముట్టుకోనన్నాడు. పెట్టించారు. పాతదాన్ని పక్కన పెట్టుకుని చూస్తూ, బంకు దగ్గర నుంచి మొదలుపెట్టి ఊరంతా మళ్ళీ కట్టుకున్నాడు. కడుతున్నంతసేపూ సణిగాడు. ఇందులో గుట్ట పచ్చగా లేదు, మబ్బులు పల్చగా ఉన్నాయి, ఆ రోజులే వేరు. పిన్ని స్టూలు తెచ్చి పక్కనే వేసుకుంది. ఒక్కొక్కటి లాగినప్పుడల్లా, "ఇది ఎవరిది? పేరు చెప్పండి" అని అడిగి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. టైర్లాయన పేరు బాబాయికి తెలియదు. చుట్టరికం కలిపి పిలుచుకున్న కళ్ళద్దాలాయన పేరూ తెలియదు. కొన్నింటికి పిన్నే వీధిలోకి వెళ్ళి అడిగి రావాల్సి వచ్చింది.

ఆ వారం నుంచే ఆయన వచ్చినవాళ్ళతో, కొత్త సిస్టమ్‌కు మారాలని తనకు ఎప్పటినుంచో ఉందని, ఇంట్లోవాళ్ళే మారనివ్వలేదని చెప్పడం మొదలుపెట్టాడు.

పుకారు కూడా ఊరుకోలేదు. ఆవిడను కొత్త కంప్యూటర్‌లోకి మార్చారట అని వీధిలో అనుకున్నారు. కత్తెర తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు టైలరమ్మ మిషను ఆపింది.

"పాతదాన్ని నువ్వే తెరిచావటగా పిన్నీ. ఇంతకీ పాస్‌వర్డ్ ఏంటి?"

పిన్ని కత్తెర బల్ల మీద పెట్టి చెప్పింది. టైలరమ్మ నమ్మలేదు. అడిగినవాళ్ళెవరూ నమ్మలేదు. ఆ కంప్యూటర్‌కు ఏనాడూ పాస్‌వర్డ్ లేదు. మీట నొక్కితే తెరుచుకునేది.